నేపాల్ పెళ్ళికి పెద్దమ్మ కాగితాలు

మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఫోనులో అరబ్బీ మాట్లాడుతుంటే ఆ వీధిలో ఎవరూ తలెత్తి చూడరు. రాజోలు దగ్గర ఆ ఊళ్ళో ఇంటికొకరు కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళొచ్చినవాళ్ళే. కాకపోతే మిగతావాళ్ళు అరబ్బీ మాట్లాడితే అది పాత యజమానులతో. పెద్దమ్మ మాట్లాడేది నేపాల్‌లో ఉన్న ఒకావిడతో.

వాళ్ళిద్దరూ కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేశారు. పెద్దమ్మది వంట, ఆవిడది పిల్లల పని. వంటింటి వెనక చిన్న గదిలో రెండంతస్తుల మంచం మీద, పైన ఒకరు కింద ఒకరు, పదేళ్ళకు పైగా గడిపారు. పెద్దమ్మకి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చింది ఆ ఇంటి అరబ్బీయే. అదీ వ్యాకరణం ఏమీ లేని వంటింటి అరబ్బీ. 'మాఫీ' అంటే లేదు, 'ఖలాస్' అంటే అయిపోయింది, 'వరకా' అంటే కాగితం. వింటూ వింటూ నాకూ ఈ మాటలు వచ్చేశాయి.

పెద్దమ్మ ఆవిడని చెల్లి అంటుంది. మా అమ్మ సొంత చెల్లెలైనా, ఆ మాటని మా అమ్మకి ఎంత తేలిగ్గా వాడుతుందో ఆవిడకీ అంతే తేలిగ్గా వాడుతుంది. పెదనాన్న పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. కువైట్ నుంచి వచ్చేశాక పెద్దమ్మకి పగలంతా కొబ్బరితోట, సాయంత్రం ఈ ఫోను.

ఒక సాయంత్రం ఫోను పెట్టేసి నాకు కబురు చేసింది. చెల్లి కూతురికి పెళ్ళట. ఆ పిల్ల మూడేళ్ళది ఉండగా తల్లి కువైట్ వచ్చేసింది. ఆ పిల్ల ఫోనులో ఏడవడం, తర్వాత ఎక్కాలు చెప్పడం, ఇంకా తర్వాత తల్లిమీద అలిగి మాట్లాడకపోవడం, అన్నీ పెద్దమ్మ పక్కన కూర్చుని వింది. పిల్లకి జ్వరమని తెలిస్తే ఇద్దరూ ఆ గదిలో నిద్రపోయేవారు కాదట.

"నేను వెళ్ళాలే," అంది పెద్దమ్మ. "నువ్వు తీసుకెళ్తావా, ఒక్కదాన్నీ వెళ్ళనా?"

తీసుకెళ్తానన్నాను. నేను అమలాపురంలో బీమా ఏజెంటుని. రోజూ జనం చేత సంతకాలు పెట్టించి, ఫొటోలు అంటించి, ఆఫీసుల్లో ఇచ్చే పనే నాది. నేపాల్ ఎంత దూరం? వీసా కూడా అక్కర్లేదు. పాస్‌పోర్టు ఉంటే చాలు, పెద్దమ్మకి పాస్‌పోర్టు ఉండనే ఉంది అనుకున్నాను.

పాస్‌పోర్టు గడువు తీరిపోయి చాలా ఏళ్ళయింది. అది పెద్ద విషయం కాదు, కొత్తది చేయించుకోవచ్చు. అసలు చిక్కు లోపల ఉంది. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళని గల్ఫ్‌లో ఇంటి పనికి పంపకూడదని అప్పట్లో నిబంధన. పెద్దమ్మకి అప్పటికి అంత వయసు లేదు. పంపించిన ఏజెంటు ఆవిడ వయసు మీద ఆరేళ్ళు కలిపి రాయించేశాడు. ఆధార్ తీసుకున్నప్పుడు మాత్రం పెద్దమ్మ తనకి తెలిసిన నిజం చెప్పింది. పెద్ద గాలివాన వచ్చిన మరుసటేడు జనవరిలో పుట్టానని అమ్మమ్మ చెప్పేదట. ఆ లెక్కన వాళ్ళు జనవరి ఒకటి వేసేశారు. ఇప్పుడు ఆధార్ ప్రకారం పెద్దమ్మకి అరవై ఒకటి. పాస్‌పోర్టు ప్రకారం అరవై ఏడు.

పాస్‌పోర్టు ఆఫీసులో లోపలి కౌంటరు దగ్గర ఒక అధికారి రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మర్యాదస్తుడే. పెద్దమ్మ వైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"అమ్మా, మీరు ఏ సంవత్సరంలో పుట్టేరండి?"

"ఏ కాగితంలోనండి?" అంది పెద్దమ్మ.

ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే ఏది కావాలో తెలుసుకుందామని అడిగింది. ఆయన మాత్రం పెన్ను కింద పెట్టేశాడు. పుట్టినతేదీ మార్చాలంటే జనన ధ్రువపత్రం కావాలన్నాడు. పెద్దమ్మ పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. బడికి వెళ్ళింది రెండేళ్ళు, ఆ బడిలో అప్పటి రిజిస్టర్లు నీళ్ళలో నానిపోయి ఎప్పుడో పారేశారు. పాత తేదీతోనే ఇచ్చేయమంటే ఆధార్‌తో సరిపోలదన్నాడు. అయితే ఆధార్‌నే పాస్‌పోర్టుకి తగ్గట్టు మార్చుకుంటామంటే, అబద్ధపు తేదీకి తగ్గట్టు నిజమైన తేదీని మారుస్తామంటున్నారు, వినడానికి బాగుందా అండీ అన్నాడు. బాగులేదు. కానీ ఇంకేం చెయ్యాలో ఆయన చెప్పలేదు. దరఖాస్తు పక్కన పెట్టాం, ఆధారాలు తెస్తే చూస్తాం అని ఒక కాగితం ఇచ్చి పంపేశాడు.

పంచాయతీకి వెళితే, మా దగ్గర నమోదు లేదని రాసిస్తాం గానీ పుట్టినట్టు రాసివ్వలేమన్నారు. మండల ఆఫీసుకి వెళితే కోర్టు నుంచి తెచ్చుకోమన్నారు. కోర్టు దగ్గర తెలిసిన ప్లీడరు గారు విని, అవుతుందమ్మా, కాకపోతే టైము పడుతుంది, పెళ్ళి ఎప్పుడు అని అడిగారు. నెలన్నరలో అన్నాను. ఆయన నవ్వేశారు. వచ్చేటప్పుడు బస్సులో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను తప్పు చేసినట్టు మాట్లాడుతున్నారేంటే వీళ్ళంతా అంది. ఆ వయసు రాసినవాడి మొహం కూడా ఆవిడకి గుర్తులేదు.

అప్పుడు టిక్కెట్లు అమ్మే ఒకతని దగ్గరికి వెళ్ళాను. చిన్న కొట్టు, గోడ నిండా విమానాల బొమ్మలు. నేపాల్‌కి పాస్‌పోర్టు ఎందుకండీ అన్నాడు.

"ఆధార్ చాలండి. మొన్ననే మన కొత్తపేట వైపు వాళ్ళు ముక్తినాథ్ వెళ్ళొచ్చేరు. అందరూ ఆధార్‌తోనే."

మళ్ళీ అడిగాను. ఆయ్, నాదీ పూచీ అన్నాడు. రాజమండ్రి నుంచి ఢిల్లీకి రైలు, అక్కణ్ణుంచి ఖాట్మండుకి విమానం. టిక్కెట్లు తీసేశాడు.

పెద్దమ్మ పెళ్ళికూతురికి బండారులంక చీర కొంది. పూతరేకులు రెండు పెట్టెలు కట్టించింది. కువైట్‌లో ఉన్నప్పుడు చెల్లికి వాటి గురించి చెప్పడమే గానీ ఏనాడూ తినిపించలేకపోయిందట. రైలంతా ఆ పెట్టెలు ఒళ్ళోనే పెట్టుకుంది. కింద పెడితే నలిగిపోతాయని భయం.

ఢిల్లీ విమానాశ్రయంలో సామాను తూచే కౌంటరు దగ్గర ఒక అమ్మాయి మా ఇద్దరి టిక్కెట్లూ చూసి, గుర్తింపు కార్డులు అడిగింది. నేను నా ఓటరు కార్డు ఇచ్చాను. అది తెచ్చుకోవడం కేవలం అదృష్టం, ఎప్పుడూ బ్యాగులో ఉంటుంది. పెద్దమ్మది ఆధార్ ఇచ్చాను. ఆ అమ్మాయి ఆధార్ వెనక్కిచ్చేసింది. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలంది. నేపాల్‌కి ఆధార్ చెల్లదంది.

ఇంగ్లీషులో బతిమాలాను. ఆ అమ్మాయి పక్కనున్న పెద్దాయన్ని పిలిచింది. ఆయన వచ్చి, పదిహేనేళ్ళలోపు పిల్లలకీ అరవై అయిదు దాటినవాళ్ళకీ అయితే ఆధార్ సరిపోతుంది, ఈవిడకి అరవై ఒకటే కదా అన్నాడు. ఇది నేను తెలుగులో చెప్పగానే పెద్దమ్మ సంచిలోంచి పాత పాస్‌పోర్టు తీసింది. అది తెచ్చినట్టు నాకు తెలియదు.

"ఇందులో అరవై ఏడు అని చెప్పు."

చెప్పాను. ఆయన పాస్‌పోర్టు తిప్పి చూసి, గడువు తీరిపోయింది, ఇది లెక్కలోకి రాదన్నాడు. వయసు చాలినది చెల్లదు, చెల్లేదాంట్లో వయసు చాలదు. పెద్దమ్మకి ఈ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ రెండు మూడుసార్లు అడిగింది, అయితే నాకు ఎంత వయసని వాళ్ళు ఒప్పుకుంటారు అని. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు జరుగుతున్నారు. నన్ను వెళ్ళొచ్చన్నారు. పెద్దమ్మని వదిలేసి నేను ఎక్కడికి వెళ్తాను? పక్కకు జరిగాం.

టిక్కెట్లు తీసినతనికి ఫోను చేశాను. ముందు నమ్మలేదు. తర్వాత, ఆ ముక్తినాథ్ వెళ్ళినవాళ్ళంతా పెద్దవాళ్ళయ్యుంటారండీ అన్నాడు. రోడ్డు దారిన వెళ్ళొచ్చా అంటే అక్కడా ఇదే రూలండీ, మళ్ళీ అంతదూరం వెళ్ళి వెనక్కి రావడమెందుకు అన్నాడు. ఒకసారి మోసపోయిన భయంతో ఆ మాట మాత్రం నమ్మాను.

నేపాల్‌కి ఫోను పెద్దమ్మే చేసింది. "వరకా మాఫీ," అంది. కాగితం లేదు. అవతల నుంచి ఏమన్నారో వినపడలేదు గానీ పెద్దమ్మ అదే మాట ఇంకోసారి అని, ఖలాస్ అని పెట్టేసింది.

మర్నాడు వెనక్కి రైలెక్కాం. పెళ్ళి ఆ తర్వాతి రోజు. నాగపూర్ దాటాక ఎవరో పెళ్ళివాళ్ళు వీడియో కాల్ చేశారు. ఎర్రచీరలో పెళ్ళికూతురు, బాజాలు, ఎవరిదో భుజం, మళ్ళీ పెళ్ళికూతురు. సిగ్నలు పోయేది, వచ్చేది. పెద్దమ్మ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. బోగీలో ఎదుటివాళ్ళకి కూడా చూపించింది, మా అమ్మాయి పెళ్ళి అని తెలుగులోనే చెప్పి. తర్వాత పూతరేకుల పెట్టె విప్పి వాళ్ళకి పెట్టింది. నన్ను తినమంటే కోపంతో వద్దన్నాను. ఎవరిమీద కోపమో కూడా తెలియదు. ఆ అమ్మాయి తన పని చేసింది, ఆ పెద్దాయన కూడా రూలు ప్రకారమే చెప్పాడు. అదే ఇంకా మండించింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ ఓటరు కార్డు పని పట్టుకున్నాను. అది చేతికొచ్చేవరకూ ఊరుకోనని నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దమ్మ పేరు ఒకప్పుడు ఓటరు జాబితాలో ఉండేది. కువైట్‌లో ఉండగా తనిఖీకి వచ్చినవాళ్ళు, మనిషి ఊళ్ళో లేదు, వలస వెళ్ళిపోయింది అని తీసేశారు. సరే, కొత్తగా దరఖాస్తు పెట్టాం. ఊరి సచివాలయంలో తీసుకోలేదు. ఆధార్‌లో చిరునామా అమలాపురంలో మా అమ్మ ఇంటిది. సెలవుకి వచ్చినప్పుడు అక్కడే తీయించుకుంది మరి. అమలాపురంలో పెట్టండన్నారు. అమలాపురంలో పెడితే ఇంటికి బూత్ ఆఫీసరుగా వచ్చిన టీచరమ్మ మా అమ్మని చూసి, ఆవిడ ఇక్కడ ఉంటున్నారా అండీ అని అడిగింది. మా అమ్మ అబద్ధం ఆడదు. ఊళ్ళో ఉంటుందండీ, పండక్కి వస్తుంది అంది. దరఖాస్తు కొట్టేశారు.

ఆ రోజు మా అమ్మ మీద అరిచాను. అమ్మ లోపలికి వెళ్ళి పెద్దమ్మకి ఫోను చేసి, నా నోటివల్లే పోయిందే అక్కా అని చెప్పుకుంది. పెద్దమ్మ తిరిగి నన్ను తిట్టింది.

ఆధార్ చిరునామా మార్చాలంటే ఊరి ఇంటికి సంబంధించిన కాగితం కావాలి. ఇంటిపన్ను రసీదు పోయిన పెదనాన్న పేరు మీద ఉంది. కరెంటు బిల్లు ఆయన తండ్రి పేరు మీద. ఆ ఇంట్లో ఆవిడ పేరు మీద ఉన్నది ఒక్క గ్యాసు కనెక్షనే అనుకుంటే, ఆ పుస్తకంలో కూడా అమలాపురం చిరునామాయే. చివరికి రాజోలు బ్యాంకు పాస్‌బుక్కులో ఊరి చిరునామా ఉందని తేలింది. దానిమీద ఫొటో లేదని ఒకచోట, మేనేజరు సంతకం లేదని ఇంకోచోట తిప్పారు. వెళ్ళిన ప్రతిసారీ పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, జడ బిగించుకుని, వేలిముద్రకి చేతులు కడుక్కుని బయల్దేరేది. యంత్రానికి ఆవిడ వేళ్ళు కనపడేవి కావు. అన్నేళ్ళు ఆ ఇంట్లో గిన్నెలు తోమి, గచ్చులు కడిగి గీతలు అరిగిపోయాయి. ఇంకోసారి పెట్టండి, గట్టిగా నొక్కండి, తుడిచి పెట్టండి. ఒకసారి ఆ కుర్చీలోనే పెద్దమ్మ రెండు చేతులూ వెనక్కి తీసేసుకుని కొంగులో చుట్టేసుకుంది. ఇంక నొక్కను అంది. ఆపరేటరు అమ్మాయి పాపం మంచిది. లేచి వెళ్ళి ఎక్కణ్ణుంచో కొబ్బరినూనె తెచ్చి ఆవిడ వేళ్ళకి రాసి, తుడిచి, కంటిపాప యంత్రంతో ప్రయత్నిద్దామంది. దాంతో అయ్యింది.

ఈలోగా నేపాల్‌లో చెల్లి రెండుసార్లు మంచాన పడింది. నడుముకి ఏదో అయ్యిందని, కూర్చుంటే లేవలేకపోతోందని ఫోనులో చెప్పేది. పెద్దమ్మ సాయంత్రం ఫోను పెట్టేశాక నన్ను ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఓటరు కార్డు ఎండాకాలంలో వచ్చింది. పోస్టుమాను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడట. పేరు సరిగ్గా ఉంది. ఫొటోలో మనిషి నల్లటి నీడలా ఉంది, అయినా పెద్దమ్మే. ఆ రాత్రి ఆవిడ నాకు ఫోను చేసి, ఎప్పుడు బయల్దేరదాం అని మాత్రం అంది.

విమానం జోలికి పోలేదు. చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలెక్కి, విజయవాడలో మారి, గోరఖ్‌పూర్ వెళ్ళాం. అక్కణ్ణుంచి బస్సులో సరిహద్దు ఊరు. ఈసారి నా సంచిలో ఏమున్నాయో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఓటరు కార్డు, దాని జిరాక్సులు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చిన కాగితం, పంచాయతీ రాసిచ్చిన 'నమోదు లేదు' కూడా. ఎవరు ఏది అడిగినా ఇచ్చేయాలని.

సరిహద్దు అంటే ఒక ఇరుకు రోడ్డు. లారీల వరస, రిక్షాలు, సైకిలు మీద కూరగాయలు, బట్టల మూటలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. పెద్ద కమాను కింద నలుగురైదుగురు జవాన్లు. జనం అటూ ఇటూ నడిచిపోతున్నారు, రావులపాలెం సంతలో నడిచినట్టే. నేను కార్డులు చేత్తో పట్టుకుని జవాను దగ్గర నిలబడ్డాను. అతను నా వైపు చూడలేదు. మా సూట్‌కేసు వైపు చూసి, పొండి పొండి అని చెయ్యి ఊపాడు. నేను రెండడుగులు వేశాను. తిరిగి చూస్తే పెద్దమ్మ రాలేదు.

ఆవిడ జవాను ఎదురుగా నిలబడి ఓటరు కార్డు అతని మొహం ముందు పెట్టింది.

"చూడు బాబూ," అంది. "చూసి పంపు."

అతనికి తెలుగు తెలియదు. మళ్ళీ చెయ్యి ఊపాడు. పెద్దమ్మ కదలలేదు. వెనకనున్న సైకిలువాడు గంట కొట్టాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. జవాను నన్ను చూశాడు, ఏమంటోంది అన్నట్టు. నాకొచ్చిన హిందీలో, ఆవిడ కార్డు చూడమంటోంది అన్నాను. అతను విసుగ్గా దాన్ని తీసుకుని, ఫొటో చూసి, పెద్దమ్మ మొహం చూసి, వెనక్కి ఇచ్చేశాడు. అప్పుడు నడిచింది.

కమాను దాటాక నేను ఆగిపోయాను. కోపంతో కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. పెళ్ళికి బయల్దేరిన ఆ డిసెంబర్‌లోనే ఢిల్లీ నుంచి ఇక్కడికి బస్సెక్కి ఉంటే ఎవరైనా ఆపేవారా? ఏమో, ఆపేవారేమో. అడగరని తెలిసినా రూలు రూలే కదా. ఆ మాట నాకు నేను చెప్పుకుంటూనే ఆ టిక్కెట్లవాణ్ణి లోపల తిట్టుకున్నాను. పెద్దమ్మ పట్టించుకోలేదు. బుట్వల్ బస్సు ఎక్కడాగుతుందో కనుక్కో అంది.

వాళ్ళ ఊరు బుట్వల్ దాటి కొండ వైపు. చెల్లి చేతికర్రతో వీధి మలుపు దాకా వచ్చింది. సన్నటి మనిషి, ముక్కుకి పెద్ద పుడక. నేను అనుకున్నట్టు ఏడుపులు, కౌగిలింతలు ఏమీ జరగలేదు. ఆవిడ పెద్దమ్మని కిందనుంచి పైదాకా చూసి అరబ్బీలో ఏదో గట్టిగా అంది. పెద్దమ్మ అంతే గట్టిగా జవాబు చెప్పింది. బాగా చిక్కిపోయావని ఆవిడ, కర్ర ఎందుకు పట్టుకున్నావని ఈవిడ. తగువులాడుకుంటున్నట్టే వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను సామాను లోపల పెట్టి వచ్చేసరికి పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది, చెల్లి ఉల్లిపాయలు ఒలుస్తోంది.

పెళ్ళికూతురు అత్తవారితో పోఖరా వెళ్ళిపోయింది. మేమొచ్చిన రెండోరోజు వచ్చింది. బండారులంక చీర కట్టి చూపించింది. పెద్దమ్మ గొంతు ఫోనులో విని విని తెలుసు కాబట్టి, మాట వినగానే గుర్తుపట్టానంది. పెద్దమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది.

నాకు సెలవు అయిపోయింది. బయల్దేరదామంటే పెద్దమ్మ కదల్లేదు.

"నువ్వెళ్ళమ్మా. దీని నడుము కాస్త నిలబడేదాకా నేనుంటాను."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. నెలలు నెలలు తిరిగి, ఇంతదూరం తీసుకొచ్చి, ఇప్పుడు ఒక్కదాన్నీ వెనక్కి వెళ్ళమంటుందా? ఎవరు తీసుకొస్తారు, దారిలో ఏమైనా అడిగితే ఏం చెప్తావు, హిందీ రాదు కదా అని గొడవపడ్డాను. పెద్దమ్మ గిన్నె తోముతూనే విన్నది.

"కువైట్ ఎవరు తీసుకెళ్ళేరే నన్ను?" అంది.

సంచిలోని కాగితాలన్నీ ఆవిడకే ఇచ్చేసి వచ్చేశాను. వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. పాలకొల్లు స్టేషన్‌లో ఉన్నాను, రాజోలు బస్సు ఎన్నింటికో కనుక్కుని చెప్పు అంది పెద్దమ్మ.